వైట్ సాక్స్ 2024: గేమ్ గేమ్‌కీ ఇక్కడే రాసుకుందాం

35వ వీధి · మార్చి 28

అందరికీ నమస్కారం. షికాగో బేస్‌బాల్ టీమ్ వైట్ సాక్స్ సీజన్ ఈరోజు మొదలైంది. మొత్తం 162 గేములు. పోయినేడు 101 ఓడిపోయాం. ఈసారి బాగుపడతారని పేపర్లో రాసేవాళ్ళెవరూ అనట్లేదు. అయినా ప్రతి గేమ్ గురించీ రెండు ముక్కలు ఇక్కడ రాద్దామనుకుంటున్నాను. చూసేవాళ్ళుంటే కలవండి.

నేను 2005 వేసవిలో ఈ ఊరొచ్చాను. అప్పటికి బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. ఆ అక్టోబర్‌లో వైట్ సాక్స్ హ్యూస్టన్‌ని నాలుగు గేములకు నాలుగూ ఓడించి, 88 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచారు. ఆ రాత్రి పక్క వాటా పెద్దాయన మా తలుపు కొట్టాడు. "మా నాన్న ఈ రోజు చూడకుండానే పోయాడు" అని చెప్పి, గుమ్మంలో నిలబడే ఏడ్చాడు. నాకు ఆయన పేరు కూడా తెలియదు అప్పటికి. ఆ రోజు నుంచీ ఇది నా టీమ్.

ఈరోజు స్కోరు: డెట్రాయిట్ 1, మనం 0. మన పిచర్ (బంతి వేసేవాడు) గ్యారెట్ క్రోషే మేజర్ లీగ్‌లో గేమ్ మొదలుపెట్టడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ చివర్లో వచ్చి, గేమ్‌లో ఉండే తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒకటో రెండో వేసి వెళ్ళేవాడు. అలాంటివాడు ఆరు ఇన్నింగ్స్ వేసి, ఎనిమిది మందిని స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) చేసి, ఒకే ఒక్క పరుగిచ్చాడు. రెండు వారాల కిందటే మన పిచర్ డిలన్ సీస్‌ని శాన్ డియాగోకి ఇచ్చేశారని నాకు కడుపు రగిలిపోతోంది. క్రోషే చేతిని చూశాక కొంచెం చల్లబడింది. మనవాళ్ళ బ్యాటింగ్ గురించి ఈరోజుకి ఏమీ రాయను.

ఉప్పల్ గట్టు · మార్చి 29

అన్నా, నేను హైదరాబాద్ నుంచి. షికాగో ప్రాజెక్టులో రెండేళ్ళుండి తిరిగొచ్చాను, ఈ టీమ్ మాత్రం వదల్లేదు. అక్కడ రాత్రి గేమ్ అంటే మాకు తెల్లవారుజామున అయిదు దాటాక మొదలవుతుంది. పాలవాడు వచ్చేసరికి మూడో ఇన్నింగ్స్. నేనున్నాను.

బ్రాంజ్‌విల్ కుర్రాడు · ఏప్రిల్ 3

నమస్తే అండి. ఇల్లినాయ్ టెక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను, ఊరు ఒంగోలు. మా క్యాంపస్ నుంచి స్టేడియానికి నడిచి వెళ్ళొచ్చు, హైవే దాటితే చాలు. టికెట్ చవగ్గా దొరికితే మొన్న వెళ్ళాను. ఏమీ అర్థం కాలేదు కానీ ఆ గడ్డి, ఆ లైట్లు చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. ఇక్కడ చదివి నేర్చుకోవచ్చా?

35వ వీధి · ఏప్రిల్ 3

రా తమ్ముడూ. ఏదైనా అడుగు.

35వ వీధి · ఏప్రిల్ 25

ఇప్పటికి 25 గేములు. గెలిచినవి మూడు, ఓడినవి 22.

లూయీస్ రాబర్ట్, యోవాన్ మొంకాడా, ఎలోయ్ హిమెనెజ్. మా బ్యాటింగ్‌కి ఈ ముగ్గురే దిక్కు. ఏప్రిల్ సగం కాకుండానే ముగ్గురూ ఏదో ఒక దెబ్బతో మూలపడ్డారు. మిగిలినవాళ్ళలో సగం మంది వేరే టీములు వద్దనుకున్నవాళ్ళు. కారణం ఇంతకంటే పెద్దగా వెతకక్కర్లేదు.

నార్త్‌సైడ్ అక్క · ఏప్రిల్ 25

నేను షికాగో రెండో టీమ్ కబ్స్ మనిషిని, షాంబర్గ్‌లో ఉంటాను. మీ రాతల్ని మొదటి రోజు నుంచీ చదువుతున్నాను. ఎగతాళి చేయడానికి రాలేదండి. 2012లో మేమూ 101 ఓడిపోయాం, నాలుగేళ్ళకి వరల్డ్ సిరీస్ గెలిచాం. ఆ పాడు సంవత్సరం చూశాను కాబట్టే 2016లో నాకు అంత ఏడుపొచ్చింది. రాస్తూ ఉండండి.

బ్రాంజ్‌విల్ కుర్రాడు · ఏప్రిల్ 27

అన్నా!!! నేను స్టేడియంలోనే ఉన్నాను. పదో ఇన్నింగ్స్, మనం ఒక పరుగు వెనక. బెనింటెండి కొట్టాడు, బంతి కుడివైపు స్టాండ్స్‌లోకి వెళ్ళిపోయింది. 8-7! నా పక్కన ఎవరో తెలియని ఆవిడ నన్ను గట్టిగా కావలించుకుంది. ఒంగోల్లో మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే "ఎవర్రా ఆవిడ" అంది.

35వ వీధి · ఏప్రిల్ 28

టాంపా బే మీద మూడుకి మూడూ గెలిచాం. 25 గేముల్లో మూడు గెలిచిన టీమ్, మూడు రోజుల్లో మూడు గెలిచింది. తమ్ముడూ, ఆ ఒక్క హోమ్ రన్ కోసం నువ్వు అక్కడ ఉన్నావు చూడు, అది నీకు జన్మంతా ఉంటుంది.

బ్రాంజ్‌విల్ కుర్రాడు · మే 24

నిన్నటి గేమ్ ఎవరైనా వివరించండి దయచేసి. తొమ్మిదో ఇన్నింగ్స్, బాల్టిమోర్ 8, మనం 6. ఒక ఔట్. ఇద్దరు రన్నర్లు బేసుల మీద ఉన్నారు. బెనింటెండి బంతిని పైకి లేపాడు, షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) పట్టుకున్నాడు. అంటే రెండో ఔట్, ఇంకో అవకాశం ఉండాలి కదా? గేమ్ అయిపోయిందన్నారు! అందరూ మైదానం వదిలి వెళ్ళిపోతుంటే నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

35వ వీధి · మే 24

ఇది కాస్త నిదానంగా చెప్పాలి.

రెండు కంటే తక్కువ ఔట్లున్నప్పుడు, మొదటి బేస్ మీదా రెండో బేస్ మీదా రన్నర్లున్నారనుకో. బ్యాటర్ బంతిని లోపలి ఫీల్డర్ల నెత్తి మీదకి లేపాడు. ఫీల్డర్ కావాలని దాన్ని కింద పడేస్తే, పట్టుకుంటాడనుకుని ఆగిపోయిన రన్నర్లిద్దరినీ ఔట్ చేసేయొచ్చు. ఆ మోసం జరక్కుండా ఒక రూల్ పెట్టారు. బంతి గాల్లో ఉండగానే అంపైర్ చెయ్యెత్తి బ్యాటర్ ఔట్ అంటాడు. పట్టినా పట్టకపోయినా ఔటే. దీన్ని ఇన్‌ఫీల్డ్ ఫ్లై అంటారు. అంటే ఇది బ్యాటింగ్ చేసేవాళ్ళని కాపాడే రూల్.

నిన్న అదే జరిగింది. బెనింటెండి ఔట్. కానీ రెండో బేస్ నుంచి కదిలిన ఆండ్రూ వాన్, వెనక్కి తిరిగొస్తూ షార్ట్‌స్టాప్ గన్నర్ హెండర్సన్ దారిలో పడ్డాడు. ఫీల్డర్‌కి అడ్డమొచ్చాడని వాన్‌ని కూడా ఔటిచ్చారు. రెండూ కలిపి మూడు ఔట్లు, గేమ్ సమాప్తం. హెండర్సన్ బంతి పట్టడానికి ఏ ఇబ్బందీ పడలేదు. వాన్ కావాలని అడ్డం రాలేదు. పుస్తకం ప్రకారం ఉద్దేశం ఉందా లేదా అన్నది లెక్కలోకి రాదు. అయినా నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒక గేమ్ ఇలా ముగియడం చూడలేదు. రాత్రి నిద్ర పట్టలేదు.

ఉప్పల్ గట్టు · మే 27

నాకు ఈ ఆదివారం మర్చిపోలేనిది. సాయంత్రం ఐపీఎల్ ఫైనల్, మన సన్‌రైజర్స్ చెపాక్‌లో 113కి ఆలౌట్. ఇల్లంతా మూగబోయింది. రాత్రి పదకొండున్నర దాటాక వైట్ సాక్స్ పెట్టుకున్నాను, అదీ ఓటమే. భార్య అడిగింది, నీకు గెలిచే టీమ్ ఒక్కటీ దొరకదా అని. నేను అన్నాను, 2008లో డెక్కన్ ఛార్జర్స్ 14లో రెండే గెలిచి అడుగున ఉన్నారు, మరుసటి ఏడాది కప్పు వాళ్ళదే. ఆ మాట నేను నమ్మే చెప్పాను.

35వ వీధి · జూన్ 8

వరుసగా 14 ఓడిపోయాక నిన్న బోస్టన్ మీద గెలిచాం. 14 అన్నది మన క్లబ్ చరిత్రలోనే పెద్ద సంఖ్య. 1901 నుంచి ఉన్న క్లబ్ ఇది.

ఒక విషయం చెప్పాలి. నేను ఇంట్లో ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. గేమ్‌కి ఒక్క లైను. ఆ గేమ్ ఎక్కడ చేజారిందో, లేదా ఎక్కడ దక్కిందో రాస్తాను. ఈ 14 లైన్లూ నిన్న రాత్రి వరసగా చదివాను. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఒక రోజు బుల్‌పెన్ (చివర్లో వచ్చే పిచర్లు), ఒక రోజు చేతిలోంచి జారిన గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి), ఒక రోజు అంపైర్ చెయ్యి, ఒక రోజు ఎదుటి పిచర్ నిజంగా మనకంటే గొప్పవాడు. పట్టికలో చూస్తే 14 ఓటములు. రోజూ చూసినవాడికి పద్నాలుగు వేర్వేరు రాత్రులు.

బే ఏరియా బాబాయ్ · జూలై 24

ఫ్రీమాంట్ నుంచి. మీ టీమ్ నాది కాదు. ఓక్లాండ్ టీమ్ ఈ ఏడాదితో ఊరు వదిలి పోతోంది, పోయేదాకా అదే నాది. వైట్ సాక్స్ జూలై 10 నుంచి గెలవలేదు కదా? ఆ రోజు మిన్నెసోటాతో రెండు గేములు ఆడారు, మొదటిది గెలిచారు, రెండోదాని నుంచి మొదలైంది ఈ వరస. ఆగస్టు 5న మీవాళ్ళు మా ఊరొస్తున్నారు. అప్పటిదాకా ఇదే నడిస్తే ఎంతవుతుందో లెక్కేశాను. రాయడానికి మనసు రావట్లేదు.

ఉప్పల్ గట్టు · జూలై 26

డిలన్ సీస్ నిన్న వాషింగ్టన్ మీద నో-హిట్టర్ వేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. శాన్ డియాగో క్లబ్ చరిత్రలో ఇది రెండోది. అదే రోజు మనం టెక్సస్‌లో ఓడిపోయాం. నేను రెండు స్కోర్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. అతని మీద నాకు ఏ కోపమూ లేదన్నా. సంతోషమే. కానీ గొంతులో ఏదో అడ్డుపడింది.

35వ వీధి · జూలై 31

టీములు ఆటగాళ్ళని ఇచ్చిపుచ్చుకునే ట్రేడ్ గడువు నిన్న ముగిసింది. ఎరిక్ ఫెడ్డీ, టామీ ఫామ్ సెయింట్ లూయిస్‌కి. మైకేల్ కోపెక్ లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌కి. ఎలోయ్ బాల్టిమోర్‌కి. డియాంగ్ కాన్సస్ సిటీకి. ఫెడ్డీని చూస్తే ముచ్చటేసేది. అమెరికాలో చోటు దొరక్క కొరియా వెళ్ళి, అక్కడ లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడై తిరిగొచ్చాడు. ఈ సీజన్‌లో క్రోషే తర్వాత మనకి దిక్కు అతనే. ఎవరు బాగా ఆడితే వాళ్ళు వెళ్ళిపోతారని కుర్రాళ్ళకి తెలిసిపోయింది.

నార్త్‌సైడ్ అక్క · ఆగస్టు 1

మా ఆఫీసులో ఒకాయన అన్నారు, ఓడిపోనివ్వండి, అడుగున ఉంటే వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో (టీములు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునేది) మొదటి కుర్రాడు మీకే అని. నిజమేనా?

35వ వీధి · ఆగస్టు 1

కాదక్కా. చాలామంది పొరపడేది ఇక్కడే. ఇప్పుడు మొదటి ఆరు స్థానాలు లాటరీ తీసి ఇస్తారు. షికాగో లాంటి పెద్ద ఊరి టీములకి వరసగా రెండేళ్ళు ఆ లాటరీలో చోటు ఉండదు. మొన్న జూలైలో మనకి అయిదో నంబర్ వచ్చింది, హేగన్ స్మిత్ అనే ఎడమచేతి పిచర్‌ని తీసుకున్నారు. కాబట్టి 2025లో ఎన్ని ఓడినా పదో నంబర్ కంటే పైకి రాలేం. ఈ ఓటముల వల్ల మనకి పైసా లాభం లేదు. నాకు నిజంగా బాధ కలిగించేది అదే.

బే ఏరియా బాబాయ్ · ఆగస్టు 5, రాత్రి

కలీసియంలో ఉన్నాను. ఓక్లాండ్ 5, వైట్ సాక్స్ 1. వరుసగా 21. 1988లో బాల్టిమోర్ సీజన్ మొదట్లోనే 21 ఓడిపోయింది, అమెరికన్ లీగ్‌లో అదే రికార్డు. సమానమయ్యారు.

వైట్ సాక్స్ డగౌట్ వెనక వరసలో కూర్చున్నాను. ఎవరూ ఎవరి మీదా అరవలేదు. ఒక్కొక్కరు గ్లవ్ తీసుకుని మౌనంగా లోపలికి వెళ్ళిపోయారు. మా ఓక్లాండ్ జనం కూడా వాళ్ళని ఏమీ అనలేదు. వచ్చే నెలాఖరుకి మాకు టీమే ఉండదు. పోగొట్టుకోవడం ఏమిటో ఈ స్టేడియంలో అందరికీ తెలుసు. రేపటికి కూడా టికెట్ తీసుకున్నాను.

ఉప్పల్ గట్టు · ఆగస్టు 7, ఉదయం

గెలిచాం గెలిచాం గెలిచాం. 5-1. ఆఫీసు క్యాబ్‌లో ఫోన్ పట్టుకుని చూశాను. చివరి ఔట్ పడగానే అరిచేశాను, డ్రైవరన్న బండి పక్కకి తీశాడు ఏమైందోనని. చెప్పాను. "ఇరవై ఒకటి తర్వాతనా? మరి అరవాల్సిందే సార్" అన్నాడు.

బే ఏరియా బాబాయ్ · ఆగస్టు 6, రాత్రి

నిన్న ఎంత స్కోరుతో ఓడారో ఇవాళ అంతే స్కోరుతో గెలిచారు. బెనింటెండి రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. జోనథన్ కానన్ అనే కుర్ర పిచర్ చాలా ధైర్యంగా వేశాడు. నిన్న మౌనంగా వెళ్ళినవాళ్ళే ఇవాళ మైదానం మధ్యలో ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడ్డారు. 35వ వీధి గారూ, మీరు ఇక్కడ ఉండాల్సింది.

35వ వీధి · ఆగస్టు 7

రాత్రి పదకొండున్నరకి వంటింట్లో ఒక్కణ్ణే నిలబడి చూశాను బాబాయ్ గారూ. నోట్‌బుక్‌లో రాయబోతే చెయ్యి వణికింది.

35వ వీధి · ఆగస్టు 8

మేనేజర్ పెద్రో గ్రిఫోల్‌ని తీసేశారు. ఈ ఏడాది 28 గెలుపులు, 89 ఓటములు. మిగిలిన 45 గేములకి గ్రేడీ సైజ్‌మోర్.

డెట్రాయిట్ పక్కవీధి · ఆగస్టు 11

నోవై, మిషిగన్ నుంచి. మా టైగర్స్ కూడా 55 గెలిచి 63 ఓడి మునిగినట్టే ఉన్నారు, అందుకే మీ దగ్గరికొచ్చి కూర్చున్నాను. 2003లో మావాళ్ళు 119 ఓడిపోయారు. ఆ ఏడాది చివరి ఆరు గేముల్లో అయిదు గెలిచి 120 ఓటముల రికార్డుని తప్పించుకున్నారు. మూడేళ్ళకి వరల్డ్ సిరీస్ ఆడారు.

35వ వీధి · సెప్టెంబర్ 5

పన్నెండు ఓడి నిన్న బాల్టిమోర్ మీద 8-1. మే నెలలో ఆ ఇన్‌ఫీల్డ్ ఫ్లై జరిగింది వీళ్ళతోనే. అందుకని ఈ లైను కాస్త పెద్దక్షరాలతో రాసుకున్నాను.

బ్రాంజ్‌విల్ కుర్రాడు · సెప్టెంబర్ 14

సొంత మైదానంలో వరుసగా 16 ఓడిపోయాక నిన్న ఓక్లాండ్ మీద 2-0. ఆ 16లో ఆరింటికి నేను వెళ్ళాను. నా క్లాస్‌మేట్స్ నన్ను అరిష్టం అనుకుంటున్నారు. కాదని నిన్న తేలింది.

ఉప్పల్ గట్టు · సెప్టెంబర్ 23

శాన్ డియాగోలో 4-2. 120వ ఓటమి. 1900 తర్వాత ఒక సీజన్‌లో అత్యధిక ఓటముల రికార్డు ఇది, 1962 న్యూయార్క్ మెట్స్‌తో సమానం. ఒకప్పుడు మన చేతిలో ఉన్న ఫెర్నాండో టాటిస్ జూనియర్‌ని 2016లో ఇదే శాన్ డియాగోకి ఇచ్చేశారు. ఒక్క గేమ్ కూడా మన చొక్కాతో ఆడలేదు.

అందరూ ఇప్పుడు మెట్స్‌తో పోలుస్తున్నారు. ఒక మాట చెప్పనా? మెట్స్ 40 గెలిచి 120 ఓడింది. మిగిలిన ఆరూ మనం గెలిస్తే, శాతంలో వాళ్ళు మనకంటే కిందే ఉంటారు. 1916 ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ 36-117, ఇంకా కింద.

35వ వీధి · సెప్టెంబర్ 23

లెక్క సరైనదే. కానీ నేను ఆ లెక్క వెనక దాక్కోను ఉప్పలూ. మెట్స్ అప్పుడే పుట్టిన క్లబ్, మిగతావాళ్ళు వదిలేసిన ఆటగాళ్ళతో కట్టింది. మనది 120 ఏళ్ళ పైబడిన క్లబ్, మూడేళ్ళ కిందట డివిజన్ గెలిచిన క్లబ్. మనది ఎక్కువ తప్పు. ఒప్పుకుందాం.

బ్రాంజ్‌విల్ కుర్రాడు · సెప్టెంబర్ 25

మంగళవారం 121వ ఓటమి చూడాలని చాలామంది వచ్చారు. ఎదుటి టీమ్ ఏంజెల్స్ ముందంజలో ఉండగా "టీమ్ అమ్మేయండి" అని స్టాండ్స్ మొత్తం ఒకటే కేక. ఆ కోపం నాకు అర్థమైంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగులు కొట్టి 3-2తో గెలిచారు.

ఇవాళ పదో ఇన్నింగ్స్‌లో మళ్ళీ బెనింటెండి. 4-3. ఏప్రిల్ 27న కూడా పదో ఇన్నింగ్సే, కొట్టింది అతనే, నేనూ అక్కడే. అప్పుడు నాకు రూల్స్ తెలియవు. ఇవాళ ఒకటో బేస్ ఖాళీగా ఉందా లేదా అని ముందే చూసుకున్నాను.

35వ వీధి · సెప్టెంబర్ 26

7-0. మూడుకి మూడూ. మన పిచర్ ఫ్లెక్సెన్ గెలిచాడు, మే తర్వాత ఇప్పుడే. పదిహేను ఓటములు అతని పేరు మీద ఉన్నాయి. అయినా ఒక్కసారి బంతి వద్దనలేదు. సొంత మైదానంలో మాత్రం ఆ రికార్డు పడనివ్వలేదు. నాకు అది చాలా పెద్ద విషయం.

డెట్రాయిట్ పక్కవీధి · సెప్టెంబర్ 27

ఎలా రాయాలో తెలియట్లేదు. కొమెరికా పార్క్ నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను. డెట్రాయిట్ 4, వైట్ సాక్స్ 1. మీకు 121వ ఓటమి. మాకు 2014 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్. ఆగస్టులో మునిగిపోయామని ఇక్కడే రాశాను కదా.

చుట్టూ అందరూ గంతులేస్తున్నారు, నేనూ వేశాను. మధ్యలో ఒక్కసారి అటువైపు డగౌట్ చూశాను, మీరందరూ గుర్తొచ్చారు. క్రోషే నాలుగు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగు ఇవ్వలేదు. మార్చి 28న కూడా మామీదే అన్నారు మొదటి పోస్ట్‌లో. వెనక్కి వెళ్ళి చదివాను.

35వ వీధి · సెప్టెంబర్ 27

అభినందనలు. మనస్ఫూర్తిగా అంటున్నాను. ఆ గెలుపు మీ చేతికే వెళ్ళినందుకు నాకు తేలికగా ఉంది. అక్టోబర్‌లో మీ కోసం చూస్తాను.

నార్త్‌సైడ్ అక్క · సెప్టెంబర్ 28

మీ అందరికీ మా ఇంట్లో భోజనం. ఆదివారం చివరి గేమ్ మా ఇంట్లోనే చూద్దాం. గోంగూర పప్పు, చేపల పులుసు చేస్తాను. బ్రాంజ్‌విల్ బాబూ, మెట్రా ఎక్కి స్టేషన్‌కి రా, కారు పంపిస్తాను.

35వ వీధి · సెప్టెంబర్ 29

శనివారం 4-0, ఇవాళ 9-5. చివరి ఆరు గేముల్లో అయిదు గెలిచాం, 2003 టైగర్స్ లాగే. మొత్తం 41 గెలుపులు, 121 ఓటములు. 507 పరుగులు చేశాం, 813 ఇచ్చాం. క్రోషే 146 ఇన్నింగ్స్‌లో 209 స్ట్రైకౌట్లు.

అక్క ఇంట్లో టేబుల్ మీద నోట్‌బుక్ పెట్టి 162వ లైను రాశాను. కుర్రాడు పేజీలు వెనక్కి తిప్పి ఏప్రిల్ 27 దగ్గర ఆగాడు. ఆ లైను పక్కన తన పేరు రాసుకుంటానన్నాడు. రాయమన్నాను.

బ్రాంజ్‌విల్ కుర్రాడు · సెప్టెంబర్ 30

షెడ్యూల్ చూశాను అన్నా. 2025 మొదటి గేమ్ మార్చి 27, మన దగ్గరే, ఏంజెల్స్‌తో. అప్పటికి ఇంకా స్వెట్టర్ వేసుకోవాల్సిన చలి ఉంటుంది. టికెట్లు అమ్మకానికి పెట్టగానే నేను తీసుకుంటాను. ఎంతమంది వస్తున్నారో కింద రాయండి.

నార్త్‌సైడ్ అక్క · సెప్టెంబర్ 30

నాకు ఒకటి.

ఉప్పల్ గట్టు · అక్టోబర్ 1

నాకు అలారం పెట్టుకోవడానికి గేమ్ టైము చెప్పండి.